శాస్త్రీయ నామంతో పబ్‌మెడ్‌లో వెతకడం: సవరణ
పరిశోధన పత్రాల ఆన్‌లైన్ సూచిక అయిన పబ్‌మెడ్‌లో జీవి శాస్త్రీయ నామాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి వెతకాలని క్రితం టపాలో ఇచ్చిన సూచనకు ఈ సవరణను చేర్చి చదువుకోవాలి. ఆ గుర్తులు పెట్టగానే, పర్యాయపదాలనూ ‘మెష్’ (పత్రాలను వర్గీకరించే ప్రామాణిక పదాల పట్టిక) విషయపదాలనూ తనంతట తాను జోడించే సదుపాయాన్ని పబ్‌మెడ్ ఆపేసి, టైపు చేసిన పదబంధాన్ని మాత్రమే వెతుకుతుంది. వరిలో అగ్గితెగులు కలిగించే శిలీంధ్రాన్నే తీసుకుంటే, దానిని కొందరు మాగ్నపోర్తే ఒరైజే అనీ, కొందరు పైరిక్యులేరియా ఒరైజే అనీ రాస్తారు; 2002కు ముందరి పత్రాల్లో చాలావాటిలో మాగ్నపోర్తే గ్రీసియా అని ఉంటుంది. అందువల్ల మూడు పేర్లనూ ‘ఆర్’ (OR)తో కలిపి బ్రాకెట్లలో ఉంచాలి. నిరోధకత అనే అంశాన్ని ‘అండ్’ (AND)తో ముందు రాసి బ్రాకెట్లు మరిచిపోతే, ఎడమ నుంచి కుడికి చదువుకుపోయే పబ్‌మెడ్ మొదటి పేరుకే ఆ షరతు వర్తింపజేసి, మిగతా రెండు పేర్లున్న పత్రాలన్నింటినీ కుమ్మరిస్తుంది. పబ్‌మెడ్ ప్రధానంగా వైద్యరంగానిది కనుక, పంట తెగుళ్లకు వ్యవసాయ పరిశోధన పత్రాల సూచిక అయిన క్యాబ్ ఆబ్‌స్ట్రాక్ట్స్‌ను కూడా చూడక తప్పదు.