బీచ్ కుర్చీలో పుట్టిన సంగీతం

మొన్న ఫోన్‌లో పాటల యాప్ తెరిస్తే "మనశ్శాంతి: బీచ్ రెగ్గే" అని ఒక జాబితా ప్రత్యక్షమైంది. కొబ్బరి చెట్టు, ఊయల, గొడుగు గుచ్చిన జ్యూస్ గ్లాసు బొమ్మ. రెగ్గే అంటే జమైకాలో పుట్టిన సంగీతం. లోపల సగానికి పైగా దాని మహా గాయకుడు బాబ్ మార్లీయే. మిగతా జమైకా అంతా ఆ రోజు సెలవులో ఉందేమో.

ఇన్నాళ్లూ మనమే పొరబడ్డాం. జమైకా రాజధాని కింగ్‌స్టన్ జనం ఊయలలో పడుకుని, ఏమీ తోచక మెంటో అనే పాత జానపద బాణీ పక్కన పెట్టి స్కా, స్కా విసుగొచ్చి రాక్‌స్టెడీ, 1968కల్లా రెగ్గే కనిపెట్టారన్నమాట.

ఆ విశ్రాంతి ఎలా ఉండేదో చూడండి. 1950ల్లో పేదల పేటల్లో బీరువాలంత స్పీకర్లు పెట్టి వీధి డాన్సులు నడిపేవాళ్లు. సౌండ్ సిస్టమ్ అంటే అదే. డ్యూక్ రీడ్ అనే ఆయన మాజీ పోలీసు, మందు షాపు ఓనరు. డాన్సుకి తుపాకులు తగిలించుకుని వచ్చేవాడు. శాంతస్వభావి! ఆయన పోటీదారు కాక్సన్ డాడ్. అమెరికా నుంచి రికార్డులు తెచ్చి, పాట ఎవరిదో ఎదుటివాడికి తెలియకుండా లేబుళ్లు గీకేసేవాడు. మన పెళ్లి వంటవాడు మసాలా పొట్లం మీద పేరు చించేసినట్టు. విలిస్ జాక్సన్ శాక్సాఫోన్ పాట ఒకటి ఇలాగే "కాక్సన్ హాప్" అనే దొంగ పేరుతో మోగుతూ వచ్చింది. దాన్ని వెతికి వెతికి రీడ్ చివరికి సంపాదించాడు. కాక్సన్ ఉండగానే వాయించాడు. ఆ దెబ్బకి కాక్సన్ కాళ్లు తడబడ్డాయనీ, తాను పట్టుకోకపోతే కింద పడేవాడనీ గాయకుడు ప్రిన్స్ బస్టర్ చెప్పుకునేవాడు. అంత రిలాక్స్ అయిపోయాడు పాపం.

తర్వాత రేడియోలు బాగుచేసే కింగ్ టబ్బీ పాటల్లోంచి గొంతు తీసేసి, డ్రమ్సునీ బేసునీ ప్రతిధ్వనిలో ముంచి డబ్ అనే కొత్త రకం సంగీతం తయారుచేశాడు. కింగ్‌స్టన్‌లో పుట్టిన డీజే కూల్ హెర్క్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పెట్టిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజు అంటారు. ఇవన్నీ ఊయల పనులే.

ఇక ఆ బొమ్మలో ఇంకోటి ఉంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ టోపీ, దానికి కుట్టిన ఉత్తుత్తి జడలు. 1963 ఏప్రిల్‌లో మాంటెగో బే దగ్గర కోరల్ గార్డెన్స్‌లో గొడవ జరిగితే, దాంతో సంబంధం లేని రాస్తాలని, అంటే మతనిష్ఠతో జడలు పెంచుకునే రాస్తఫారీ మతస్థుల్ని కూడా పోలీసులు పట్టుకెళ్లారు. కొట్టారు, జైల్లో తోశారు, జడలు కోసేశారు. ఆ జడలండీ! వాటికోసం తన్నులు తిన్నవాళ్లకి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. యాభై నాలుగేళ్లకి. అప్పటికి ఎంతమంది పోయారో. మరుసటి ఏడాదే యునెస్కో రెగ్గేని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఎక్కించింది, అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకపోతే సరి, ఆ జడల్నే టోపీకి కుట్టి అమ్ముకుంటున్నారు.

యాప్ జాబితాలో ఏడో పాట జమైకా గాయకుడు పీటర్ టోష్‌ది, 1977 నాటిది. నాకు శాంతి అక్కర్లేదు, సమాన హక్కులూ న్యాయమూ కావాలి అని ఆయన మొత్తుకుంటుంటే, కింద యాప్ అడుగుతోంది: "ఇలాంటి ప్రశాంతమైన పాటలు ఇంకా వింటారా?"