ఉప్పునీటి ఇంటికి టు-లెట్ బోర్డు

హైదరాబాద్‌లో రెండు గదుల పోర్షన్ అద్దెకిచ్చే ఓనరు ఏమేం అడుగుతాడో అందరికీ తెలిసిందే. ఏం ఉద్యోగం, ఎంతమంది ఉంటారు, వెజ్జా నాన్‌వెజ్జా, పెళ్లయిందా, చుట్టాల రాకపోకలు ఎక్కువా, చివరికి గొంతు తగ్గించి "ఇంతకీ మీరేవిట్లు?" దాకా వస్తాడు. 11 నెలల అగ్రిమెంటుకి ఇంత విచారణ జరిపిన ఆ పెద్దమనిషే హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టించుకుని, చేపల షాపుకెళ్లి ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు: "ఆ బ్లూ కలర్‌ది ఎంత?"

ఈ ద్వంద్వనీతిని సమాజం ఇకనైనా ఖండించాలి. మనుషుల్ని అడిగితే అసహ్యంగా ఉండే ఆ ప్రశ్నలన్నీ చేపల విషయంలో అక్షరాలా అవసరం. కనుక ఓనర్ల ధర్మశాస్త్రాన్ని యథాతథంగా అక్వేరియానికి బదిలీ చేసి, బ్యాచిలర్లను వాళ్ల మానాన వదిలేయాలని నా ప్రతిపాదన.

ముందు విస్తీర్ణం సంగతి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు అంటే కాగితం మీద సుమారు 250 లీటర్లు. అది సూపర్ బిల్టప్. రాళ్లు, ఇసుక పోగా కార్పెట్ ఏరియా 200 లీటర్లకు అటూ ఇటూ. ఇందులోకి ఆ బ్లూ కలర్‌ది, అంటే బ్లూ టాంగ్, బొటనవేలంత సైజులో దిగుతుంది. పెరిగి పెరిగి అడుగు పొడవవుతుంది. "ట్యాంకును బట్టే ఎదుగుద్ది, ఏం కాదు సార్" అని షాపు కుర్రాడు అభయమిస్తాడు. ఆ లెక్కన సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లలో పుట్టిన పిల్లలెవరూ మూడడుగులు దాటకూడదు. పైగా టాంగ్‌లు ఎక్కువగా నాచు మేసే జాతి. శాకాహారి కదా, సాత్వికుడే అయ్యుంటాడని మురిసిపోకండి. తోక మొదట్లో రెండు వైపులా చురకత్తిలాంటి ముల్లు పెట్టుకుని తిరుగుతుంది.

తక్కువ అద్దెకు ఎగబడే ఓనర్లు చివరికి కోర్టుల చుట్టూ తిరుగుతారు. డామ్సెల్ చేపది సరిగ్గా ఆ కేసే. చవక, అందం, గట్టి ప్రాణం. అందుకే మొదట దాన్నే తెస్తారు. వారం తిరిగేసరికి మూడంగుళాల ఈ చేప ట్యాంకు మొత్తం తన పిత్రార్జితమని ప్రకటించుకుని, తర్వాత వచ్చిన ప్రతివాణ్ణీ రాతి మూలకు తరుముతుంది. ఖాళీ చేయించుదామని వల ముంచారా, రాళ్లన్నీ బయటకు తీస్తే తప్ప చిక్కదు. రౌడీని తేక తప్పదనుకుంటే అందరికన్నా ఆఖర్న తేవాలి.

ఇక రాజసంగా రెక్కలు విప్పుకుని తిరిగే లయన్‌ఫిష్ గురించి ఒక్క మాట చాలు: దాని నోట్లో పట్టేవన్నీ మర్నాటికి కనిపించవు. రంగులన్నీ ఒంటి మీద పోసుకున్న మాండరిన్ చేప గొడవలకు పోదు గానీ, కంటికి సరిగా ఆనని కోపెపాడ్లనే పురుగుల్ని రోజంతా ఏరుకు తింటూ ఉంటేనే బతుకుతుంది. కొత్త ట్యాంకులో అవి ఉండవు. అంత అందమూ మన కళ్లముందే పస్తులుండి పోతుంది. సముద్ర గుర్రాల (సీహార్స్) మీద మోజుంటే ముందు వన్యప్రాణి సంరక్షణ చట్టం చదువుకోండి.

"ఓన్లీ ఫ్యామిలీస్" అని బోర్డు పెట్టేవారికి నారింజ రంగు మీద తెల్లచారల క్లౌన్ చేపలే దిక్కు. అయితే వీళ్ల రేషన్ కార్డు కాస్త జాగ్రత్తగా చదవాలి. ఈ వంశంలో అందరూ మగవాళ్లుగానే ఎదుగుతారు. అందరిలో పెద్దది ఆడదై కుటుంబ పెద్ద అవుతుంది, దాని తర్వాతది భర్త. ఆవిడ కాలం చేస్తే ఆ భర్తే ఆడదిగా మారి గద్దెనెక్కుతాడు, వరసలో మూడోవాడు భర్త పోస్టులో చేరతాడు. మన కారుణ్య నియామకాల్లో కూడా ఫైలు ఇంత వేగంగా కదలదు. చిన్న పిల్లల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తెచ్చుకుంటే మిగతాది అవే తేల్చుకుంటాయి. హేచరీలో పుట్టినవాటినే అడగండి. వీటి పిల్లల్ని పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే రూపొందించింది. గుళికల తిండి మారాం చేయకుండా తింటాయి.

నా మనసు దోచింది మాత్రం వాచ్‌మన్ గోబీ. పసుపు రంగు, బొద్దు పెదవులు, ఎప్పుడూ ఎవరి మీదో చిరాకుగా ఉన్న ముఖం. పిస్టల్ రొయ్య అనే దాదాపు గుడ్డి మేస్త్రీ దీనికి జోడీ. రొయ్య పొద్దస్తమానం ఇసుక ఎత్తిపోస్తూ బొరియ తవ్వుతుంది, గోబీ గుమ్మంలో కూర్చుంటుంది. బయటికొచ్చినంతసేపూ రొయ్య మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. ప్రమాదం అనిపిస్తే గోబీ తోక అదిలిస్తుంది, రెండూ లోపలికి. మా అపార్ట్‌మెంటులో ఇలాంటి కాపలా కోసం అసోసియేషన్ మూడు తీర్మానాలు చేసింది.

వీటికి తోడు ముందు సగం ఊదా, వెనక సగం పసుపు ఉన్న రాయల్ గ్రామా ఒకటి, ఫైర్‌ఫిష్ ఒకటి. ట్యాంకు నిండినట్టే. ఫైర్‌ఫిష్ బెదిరితే ఎగిరి హాల్లో పడుతుంది, పైన జాలీ మూత తప్పనిసరి.

గృహప్రవేశం మాటకొస్తే, ట్యాంకు ఈశాన్యంలో ఉండాలా అని సిద్ధాంతిని అడుగుతారు, చేపల విసర్జనతో నీళ్లలో చేరే విషం, అమోనియా, ఎంతుందని టెస్ట్ కిట్‌ను అడగరు. అమోనియాను తినే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఏ ముహూర్తమూ పనిచేయదు. వచ్చిన ప్రతి చేపనీ కొన్ని వారాలు వేరే తొట్టెలో ఉంచాలి. పోలీస్ వెరిఫికేషన్ అనుకోండి. లేకపోతే ఒక్కడు తెచ్చిన తెల్లమచ్చల జబ్బు కాలనీ అంతా ఊడ్చేస్తుంది. ఇక మన ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్లు 26 డిగ్రీల దగ్గర నిలవాలి. పై పోర్షన్ వాళ్లు ఫ్యాను మార్చమని ఏడాదిగా అడుగుతున్నా వినపడని ఓనరు, చేపలకు మాత్రం నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొంటాడు.

మిగిలింది అగ్రిమెంటు. 11 నెలలది ఇక్కడ చెల్లదు. శ్రద్ధగా చూసుకుంటే క్లౌన్ చేప 10 ఏళ్లు దాటి బతుకుతుంది. ఇవాళ పాప ముచ్చటపడిందని కొంటారు. ఆ పాప ఇంజనీరింగ్ ముగించి ఎమ్మెస్‌కని డల్లాస్ విమానం ఎక్కేనాటికి కూడా ఈ దంపతులు హాల్లోనే ఉండొచ్చు. బకెట్లతో నీళ్లు మార్చే డ్యూటీ ఎవరిదో ఇప్పుడే 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాయించి, పాపతో కూడా సంతకం పెట్టించండి.