ఈ డ్రాగన్ స్పెల్లా కాదా?

కార్డుల ఆట మ్యాజిక్ ద గాదరింగ్‌లో ఇదో తలనొప్పి. చేతిలో ఉన్నంతసేపూ ఉత్త కార్డు, మానా (ఆటలో ఖర్చుపెట్టే శక్తి) కట్టి వేశాక స్టాక్ మీద, అంటే ఫలితం తేలేదాకా ఆగే వరసలో, ఉన్న ఆ కాసేపే స్పెల్ (మంత్రం), బల్ల మీదకి దిగిందా, ఇక పర్మనెంట్, అంటే బల్ల మీద నిలిచి ఉండేది. మానా ఇచ్చే ల్యాండ్‌కైతే ఆ కాసేపు యోగం కూడా లేదు!

నిన్న ఎదుటివాడు వేస్తున్న డ్రాగన్ మీద, స్పెల్‌ని రద్దుచేసే కౌంటర్‌స్పెల్ వేస్తే ఒకటే గొడవ. "రెక్కలూ తోకా ఉన్నది స్పెల్ ఎలా అవుతుంది?" యూ-గి-ఓ అనే ఇంకో కార్డుల ఆట ఆడి వచ్చాడు మరి, అక్కడ స్పెల్ అంటే ఆకుపచ్చ కార్డే, మాన్‌స్టర్ కానే కాదు. గొంతు పోయేలా అరగంట నచ్చజెప్పానా, తర్వాతి ఆటలో నా డ్రాగన్ దిగి, ఓ టర్న్ గడిచి, దాడికి కూడా వెళ్తుంటే అప్పుడు తీరిగ్గా తన కౌంటర్‌స్పెల్ తీశాడు. "నువ్వేగా స్పెల్ అన్నావ్?"

అన్నాను. ఎప్పుడు అన్నాను బాబూ?