తెర మీద జరిగినా జరిగినట్టే

"ఫోన్లోనే కదా, మనిషిని ముట్టుకోలేదు కదా" అనే మాట ఈ మధ్య రాయలసీమ ఇళ్లలో తరచూ వినబడుతోంది. పెళ్లి చేసుకుంటానని నమ్మించి నెలల తరబడి వీడియో కాల్స్‌లో దగ్గరై, ఆ తర్వాత వాటి రికార్డింగు చూపించి బెదిరించేవాడి మీద అమ్మాయి కేసు పెడతానంటే పెద్దలు ఇదే అంటారు. ఒక్కోసారి స్టేషన్లో రైటరూ ఇదే అంటాడు. ఆ వీడియో నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందంటే మాత్రం అవే నోళ్లు "ఇంటి పరువు తీసింది" అంటాయి. ఫిర్యాదు చేయబోతే ఏమీ జరగనట్టు, నింద వేయాల్సి వస్తే అంతా జరిగిపోయినట్టు! ఈ రెండు లెక్కల మధ్య ఆడపిల్లలు నలిగిపోతున్నారు. ఆన్‌లైన్‌లో ఇద్దరి మధ్య ఏర్పడే లైంగిక సాన్నిహిత్యం నిజమైనదేనని, ఇల్లు, కాలేజీ, పోలీసు, చట్టం దాన్ని నిజంగానే ఎంచి నడుచుకోవాలని ఈ పత్రిక తరఫున మేము గట్టిగా కోరుతున్నాం.

వాస్తవం అందరికీ ఒక్కటే అన్న నమ్మకాన్ని ప్రశ్నిస్తూ, పోస్ట్‌మోడర్నిజం పేరుతో యూనివర్సిటీల్లో చెప్పుకునే ఆలోచనల్లో "ఫోన్లోనే కదా" అనే మాటకు ఒక ఆసరా దొరుకుతుంది. ఫ్రెంచి తాత్వికుడు జా బోద్రియార్ 1981లో బొమ్మకూ వాస్తవానికీ ఉన్న సంబంధం గురించి రాశాడు. బొమ్మ మొదట అసలును చూపిస్తుంది, తర్వాత దాన్ని వంకర చేస్తుంది, ఆపైన అసలు లేదన్న సంగతిని కప్పిపెడుతుంది, చివరికి ఏ అసలుతోనూ పని లేకుండా తానొక్కటే మిగులుతుంది అన్నాడు. ఇళ్లలోకి ఇంటర్నెట్ రాకముందు రాసిన మాటలివి. 1990లలో అమెరికాలో కొందరు ఈ దారినే పోయి, తెర మీద మనిషి తనకు నచ్చిన పేరు, రూపం, లింగం తొడుక్కోవచ్చని, శరీరం బరువు దించుకోవచ్చని ఆశపడ్డారు. ఆ మారురూపాల్లో కొత్త అవకాశాలున్నాయని 1995లో రాసిన అమెరికా పరిశోధకురాలు షెర్రీ టర్కిల్, 2011 నాటికి ఫోన్లు మనుషుల్ని పక్కపక్కనే ఒంటరివాళ్లను చేస్తున్నాయని బాధపడింది.

మారురూపంలో దగ్గరవడం మన సీమ సాహిత్యానికి కొత్త సంగతి కాదు. పింగళి సూరన 16వ శతాబ్దంలో నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయం కావ్యంలో కలభాషిణి రంభ రూపంలో వస్తుంది, మణికంధరుడు రంభ ప్రియుడైన నలకూబరుడి రూపంలో వస్తాడు. ఇద్దరివీ అరువు రూపాలే. కోరిక మాత్రం ఎవరిది వారిదే. రూపం అబద్ధమైనంత మాత్రాన అనుభవం అబద్ధం కాదన్న సంగతి సూరనకు తెలుసు. ఆ కావ్యాన్ని కాలేజీల్లో పద్యాల ప్రతిపదార్థాలకే పరిమితం చేయకుండా ఈ కోణంలోనూ పిల్లల చేత చదివిస్తే బాగుంటుంది.

బోద్రియార్‌ను మేము కొట్టిపారేయడం లేదు. వీడియో కాల్ మోసాన్ని చూస్తే ఆయన చెప్పింది కళ్లకు కడుతుంది. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి రాత్రిపూట కాల్ వస్తుంది. ఎత్తితే తెర మీద ఒక యువతి. నిజానికి ఆమె అవతల లేదు. ఎప్పుడో ఎక్కడో తీసిన వీడియోను ముఠా ప్లే చేస్తుంటుంది, ఇవతలి మనిషి ముఖం రికార్డవుతుంటుంది. మర్నాడు పోలీసు ఆఫీసరునని ఒకడు, యూట్యూబ్ నుంచి మాట్లాడుతున్నానని ఇంకొకడు ఫోన్ చేసి డబ్బు అడుగుతారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్, హరియాణాలోని మేవాత్ వైపు ముఠాలు ఈ దందాకు పేరుమోశాయి. అసలంటూ లేని నకలు ఇదే. కానీ కర్నూలులో ఆ కాల్ ఎత్తిన రిటైర్డు ఉద్యోగి ఖాతాలోంచి పోయేది పింఛను డబ్బు. నిద్ర పట్టక, టెన్షన్‌తో, భార్యాబిడ్డలకు చెప్పుకోలేక కుమిలిపోయేది ఆయనే. తెరకు అవతల ఏముందో సిద్ధాంతం చక్కగా చెప్పింది. ఇవతల కూర్చున్న మనిషి గురించి దానికి మాట దొరకలేదు.

వీడియో కూడా లేకుండా, కేవలం అక్షరాల్లో జరిగినా ఇంతే. 1993 డిసెంబరులో న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్‌లో జూలియన్ డిబెల్ రాసిన కథనం అదే చెప్పింది. లాంబ్డామూ అనే ఆన్‌లైన్ లోకంలో అంతా టైపు చేసుకోవడమే. అక్కడ ఒక సభ్యుడు మిగతావారి పాత్రలు తమ ఇష్టం లేకుండానే లైంగిక చేష్టలు చేస్తున్నట్టు రాశాడు. ఎవరి ఒంటి మీదా చెయ్యి పడలేదు. అయినా బాధితుల్లో ఒకామె ఆ సంగతి రాస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయని డిబెల్ రాశాడు. అప్పుడు తేలాల్సిన ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. ఆ కన్నీళ్లు నకిలీవని ఎవరనగలరు?

బాధ ఒక్కటే నిజమని కాదు, ప్రేమా అంతే నిజం. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు మనకు ప్రతి వీధిలో ఉన్నారు. డ్రైవరుగానో, వంటమనిషిగానో, ఇంటిపనికో వీసా దొరికినవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లలేరు. సెలవు రెండేళ్లకోసారి వస్తే గొప్ప. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. అక్కడ పని ముగించుకుని పదకొండున్నరకు ఫోన్ చేస్తే ఇక్కడ రాత్రి రెండు. పిల్లలు పడుకున్నాక, అత్తమామలకు వినబడకుండా, దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని మాట్లాడుకునే దంపతుల కాపురం ఆ కాల్‌లోనే సాగుతోంది. అలకలు అక్కడే, బుజ్జగింపులు అక్కడే, ఒకరికొకరు శరీరాలతో దగ్గరవడమూ అక్కడే. ఒకప్పుడు ఉత్తరాల్లో, ఐఎస్‌డీ ఫోన్ బూత్‌లలో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ దాచుకున్న మాటలు ఇప్పుడు చూపులతో కలిశాయి. అది సంసారం కాదని ఆ దంపతుల ముందు నిలబడి చెప్పగల సిద్ధాంతి ఎవరూ లేరు. అందులో తప్పూ లేదు, సిగ్గూ లేదు. ఇంట్లో పనికి వెళ్లిన స్త్రీల విషయంలో మన ఊళ్లు దీన్ని ఇంకా పెద్దమనసుతో అర్థం చేసుకోవాలి. భర్తతో ఫోన్లో మాట్లాడే భార్యకూ, భార్యతో ఫోన్లో మాట్లాడే భర్తకూ వేర్వేరు కొలతలు పెట్టే అలవాటు మనకు ఇంకా పోలేదు.

ఈ విషయంలో మాకు బోద్రియార్ కన్నా మరో ఫ్రెంచి తాత్వికుడు మిషెల్ ఫూకో ఎక్కువ ఉపయోగపడుతున్నాడు. సమాజం లైంగికతను నొక్కిపెట్టడమే కాదు, దాని గురించి మనిషి చేత పదే పదే చెప్పించి ఆ చెప్పిన దాన్నే అదుపు సాధనంగా వాడుకుంటుందని 1976లో ఆయన అన్నాడు. మన స్టేషన్లలో అదే జరుగుతోంది. ఫిర్యాదు చేయడానికి వచ్చిన అమ్మాయి ఆ ఫొటోను టేబుల్ మీద అందరికీ చూపించాలి. ఎందుకు పంపావు, ఎన్నిసార్లు పంపావు, వాడు అడిగితే పంపావా నువ్వే పంపావా అని ఒక్కో ప్రశ్నకూ జవాబు చెప్పాలి. ఫార్వర్డు చేసినవాణ్ని ఇన్ని ప్రశ్నలు అడగరు.

చట్టం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆమె ఒప్పుకుందా, దేనికి ఒప్పుకుంది? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ ఈ తేడాను స్పష్టంగా గుర్తించింది. తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరం. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద ఆడామగా తేడా లేకుండా ఎవరికైనా రక్షణ ఉంది. మూడేళ్ల వరకు శిక్ష, రెండు లక్షల వరకు జరిమానా. 2018లో పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ కోర్టు స్నేహితురాలి వీడియోను ఆన్‌లైన్లో పెట్టినవాడికి ఐదేళ్ల జైలు వేసింది. అంటే చట్టం ఉన్నచోట ఉంది. అడ్డం పడుతున్నది అదే ఐటీ చట్టంలోని 67ఏ. లైంగిక దృశ్యాలను పంపడమే అందులో నేరం, పంపినవాళ్ల ఇష్టంతో దానికి పని లేదు. సొంత భర్తకు తన వీడియో పంపిన స్త్రీని కూడా దాంతో భయపెట్టవచ్చు. చాలామంది గడప దాటకపోవడానికి ఈ భయమొక కారణం. పెద్దవాళ్లు ఇద్దరు ఇష్టపడి ప్రైవేటుగా పంచుకున్న దాన్ని ఈ సెక్షన్ నుంచి మినహాయించాలి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనంతో తేల్చిచెప్పాక కూడా పార్లమెంటు ఈ పని చేయకపోవడం అన్యాయం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయం పూర్తిగా వేరు. అక్కడ ఒప్పుకోలన్న మాటకు తావే లేదు.

ఏఐతో చేసే బొమ్మల దగ్గర "అది ఆమె కాదు కదా" అనే సాకు కొత్తగా మొదలైంది. 2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖాన్ని మరొక మహిళ శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులకు దొరికింది మన రాష్ట్రం గుంటూరు జిల్లా యువకుడే. అందరూ ముఖం గురించి మాట్లాడారు. ఆ శరీరం గల మహిళను అడగకుండానే ఆమె వీడియో వాడుకున్నారన్న సంగతి చాలామందికి తట్టలేదు. అనంతపురం జేఎన్‌టీయూ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీల హాస్టళ్లలో ఇలాంటి యాప్ లేని ఫోన్ వెతకడం ఇకపై కష్టం. అవగాహన సదస్సులు పెట్టి అమ్మాయిలకు "ఫొటోలు పంపొద్దు" అని చెప్పి ముగిస్తే సరిపోదు. అబ్బాయిల్ని కూర్చోబెట్టి, వచ్చిన దాన్ని ముందుకు పంపడం నేరమని, దానికి జైలు ఉందని, గ్రూపు అడ్మిన్ మౌనంగా ఉండకూడదని చెప్పాలి.

రాయలసీమ జిల్లాల ఎస్పీలకు మా విన్నపం. ఫిర్యాదుకు వచ్చినవాళ్లకు మొదటి నిమిషంలోనే "నీ మీద కేసు లేదు" అని చెప్పే ఏర్పాటు చేయండి. ఫొటోలు చూడాల్సింది మహిళా అధికారి ఒక్కరే కావాలి. సచివాలయాల్లోని మహిళా పోలీసులు దగ్గరగా ఉన్నా, సొంత ఊరి మనిషికి చెప్పుకోవడానికి అమ్మాయిలు జంకుతారు, కాబట్టి వేరే స్టేషన్లోనూ ఫిర్యాదు తీసుకోవచ్చన్న జీరో ఎఫ్ఐఆర్ నిబంధనను ఊరూరా చెప్పండి. బాధితులు భయంతో చాట్లు డిలీట్ చేయొద్దు. ప్రొఫైలు లింకు, నంబరు, స్క్రీన్‌షాట్లు దాచుకుని, డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక మా వంతు. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టకూడదని న్యాయ సంహిత 72వ సెక్షన్ చెబుతోంది. 77వ సెక్షన్ బాధితులకు ఆ రక్షణ లేదు. దాన్ని వారికీ వర్తింపజేయాలి. అంతవరకు ఎదురుచూడకుండా, ఇలాంటి కేసుల్లో బాధితుల పేరు, ఊరు, కాలేజీ, ఇంటిపేరు ఏదీ ఈ పత్రిక అచ్చువేయదు. తోటి పత్రికలూ, యూట్యూబ్ చానళ్లూ ఇదే పాటించాలని కోరుతున్నాం.