బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్ గారి సముఖానికి

మహారాజశ్రీ బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్ గారికి,

ఉభయకుశలోపరి. నా కుడిచేతి బొటనవేలు తప్ప ఇక్కడ అందరం క్షేమం. వేలు సంగతి మీ గ్లూ గన్‌ని అడగండి. పారేసే వాటితో పిల్లల చేత వస్తువులు చేయించే పోటీగా తమరు దివ్యంగా ఉన్నారని నిన్న స్కూలు ఎగ్జిబిషన్లో కళ్లారా చూశాను.

క్లాసు గ్రూపులో మీరు ఊడిపడే వేళ గురించి కొత్తగా చెప్పేదేముంది! గిన్నెలు కడిగి, యూనిఫాం ఇస్త్రీ చేసి, ఇక నడుం వాలుద్దాం అనుకోగానే దిగుతారు. "రేపు పిల్లలు ఇంట్లో మిగిలిపోయిన గుడ్డముక్కలతో స్వయంగా ఎకో ఫ్రెండ్లీ వస్తువు చేసి తేవలెను." స్వయంగా అట! ఆ కింద జాబితా: థర్మాకోల్ షీటు, గ్లూ స్టిక్కులు, గ్లిట్టర్, శాటిన్ రిబ్బను, ముత్యాలు. అయ్యా, ఇందులో మా ఇంట్లో మిగిలిపోయింది ఏది? నా ఓపిక కూడా అప్పటికి మిగల్లేదు.

మన దేశంలో అలంకరణకు థర్మాకోల్ వాడకాన్ని 2022 జూలై 1 నుంచి నిషేధించారు. ప్లాస్టిక్ స్పూన్లూ స్ట్రాలూ ఉన్న జాబితాలోనే అదీ ఉంది. తమరేమో పర్యావరణాన్ని తెచ్చి సరిగ్గా దాని మీదే అతికించమంటారు. గ్లూ స్టిక్కంటే వేడికి కరిగే ప్లాస్టిక్. గ్లిట్టర్ అంటే పొడిపొడిగా తరిగిన ప్లాస్టిక్. విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌ని యూరప్ వాళ్లు 2023 అక్టోబరులో ఆపేశారు. మా ఇంట్లో అది ఇంకా సాంబారులో తళతళలాడుతోంది.

సరే, గుడ్డముక్కలు. టైలర్ని అడిగితే ఏమంటాడో మీకు తెలియదా? "ఎక్కడ మిగిలింది మేడమ్, చేతులకే చాలక అతుకేశాను!" ఆయన మిషను కింద బస్తాల్లో ఉన్నవన్నీ ఆకాశం నుంచి రాలాయి కాబోలు. చివరికి సగం షట్టరు దించిన స్టేషనరీ షాపులో దొరికాయి మీ మిగిలిపోయిన ముక్కలు. కొత్త తానులోంచి చదరంగా కత్తిరించి, అంచులు జిగ్‌జాగ్ చేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీలు వేసినవి. చెత్తకి ఎమ్మార్పీ వేసిన ఘనత తమరిదే.

సరే, కొన్నాను. వేలు కాల్చుకుంటూ థర్మాకోల్ మీద నెమలిని అతికించాను. ఆ పక్కనే మా అత్తగారు పాపని కూర్చోబెట్టుకుని తన పాత నేతచీర ముక్క, మా ఆయన లుంగీ ముక్క, పాపకి పొట్టి అయిపోయిన గౌను ముక్క పొరలుగా పేర్చారు. బొంత కుట్టినట్టే పొడుగు కుట్లు వేయించారు. సూదిలో దారం ఎక్కించింది పాపే, కుట్టిందీ పాపే. ఒక కుట్టు గింజంత, ఇంకోటి వేలంత. వరస తిన్నగా బయల్దేరి మధ్యలో పక్క వీధిలోకి తిరిగింది. జిగురు లేదు, రంగు లేదు, కొన్నది ఒక్కటీ లేదు. జానెడు మసిగుడ్డ తయారైంది.

నిన్న జడ్జీ గారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసి, "ఫినిషింగ్ లేదమ్మా, పాతగుడ్డలా ఉంది" అన్నారు.

పాతగుడ్డలా ఉందట! పాతగుడ్డ మరి ఎలా ఉండాలి? మా అత్తగారి కాలంలో చీర మెత్తబడితే పిల్లకి ఉయ్యాల అయ్యేది. ఉయ్యాల తర్వాత బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ, అది నల్లబడితే నేల తుడిచే గుడ్డ. జరీ ఉన్న చీరయితే వీధిలోకొచ్చే స్టీలు సామాన్లవాడికి వేసి, గంటసేపు బేరమాడి ఒక గిన్నె పుచ్చుకునేవారు. ఎవరూ షీల్డు ఇవ్వలేదు, ఎవరూ ఫినిషింగ్ అడగలేదు. మీ మొదటి బహుమతి దేనికొచ్చింది? ఎల్‌ఈడీ లైట్లు వెలిగే కోటకి. ఆర్డరిచ్చి చేయించారని హాలంతా తెలుసు, ఇచ్చినవాళ్లకీ తెలుసు. మా నెమలికి కన్సొలేషన్, అదీ పాప పేరు మీద. అది చేసింది నేనని పాపకి తెలుసు. స్టేజీ మీద ఆ సర్టిఫికెట్ పట్టుకుని అది నా వైపు చూసిన చూపు ఉందే... మీకు సిగ్గు లేదా అసలు? తొమ్మిదేళ్ల పిల్ల తన చేత్తో కుట్టిన దాన్ని బల్ల చివరికి తోసేసి, తల్లి చేసిన దానికి చప్పట్లు కొట్టిస్తారా?

మధ్యాహ్నం మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్తే మసిగుడ్డ అక్కడ లేదు. వెతికితే జడ్జీల టేబుల్ మీద కనిపించింది. వేడి టీ ఫ్లాస్కు కింద. మీ హాలు మొత్తమ్మీద పని చేస్తున్న వస్తువు అదొక్కటే.

ఇవాళ పొద్దున మళ్లీ మెసేజ్ పెట్టారు, ప్రాజెక్టులు వెంటనే తీసుకుపోవాలట, స్టాఫ్ రూములో చోటు లేదట. నెమలిని తెచ్చి ఏం చేసుకోను? జిగురు పట్టిన గుడ్డ థర్మాకోల్ నుంచి ఊడదు, ఊడినా తుడవడానికి పనికిరాదు, చెత్త ఆటో అబ్బాయికి తడిచెత్త అని ఇవ్వాలో పొడిచెత్త అని ఇవ్వాలో తెలియదు. ఆయాని అడిగాను. మసిగుడ్డ మాత్రం స్టాఫ్ రూములోనే ఉందట, టీచర్లు రోజూ వాడుకుంటామన్నారట, చేతికి మెత్తగా ఉందని.

నెమలిని మీరే ఉంచుకోండి. మా మసిగుడ్డ మాకు పంపించండి.

ఇట్లు,
కన్సొలేషన్ బహుమతి గ్రహీత (పాప పేరు మీద)