అద్దమోలె మెరిసే బాత్రూం ఎవరి కోసం?

హన్మకొండ, కాజీపేటల కొత్త ఇండ్లు చూడుండ్రి. దర్వాజలకు టేకు, హాల్ల గ్రానైటు. అవ్వ, బాపు రాత్రి రెండుమూడు సార్లు లేచిపోయే బాత్రూంల మాత్రం గోడకేసే నున్నటి టైల్సే కింద గూడ పరుస్తరు. బోరునీళ్ల ఉప్పు, సబ్బు కలిసి వాటిమీద సన్నటి పొర కడుతది. తడికాలు పెడితే జారుడే. ఆ వయసుల తుంటి ఎముక విరిగితే కొందరు మళ్ల సొంతంగ నడువనే నడువరు. కింద గరుకు టైల్స్ వెయ్యుమని మేస్త్రీకి ముందే చెప్పేటందుకు ఏం అడ్డమొస్తది?

పట్టుకునే పైపు పెట్టుమంటే "దవాఖాన లెక్క కొడుతది" అంటరు. ఈ మాట వింటే కడుపు మండుతది. ఒకటింపావు అంగుళం మందం స్టీలు పైపు, నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తుల, కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేకాడ ఒకటి చాలు. గోడకు, పైపుకు నడుమ ఒకటిన్నర అంగుళం సందు ఉండాలె. మరలు టైలు దాటి ఇటుకల దాకా దిగాలె. రబ్బరు కప్పుతోని అతికించేవి నమ్మొద్దు, గాలి దూరితే ఊడొస్తయి. తువ్వాల కడ్డీ గూడ మనిషి బరువు ఆపది.

ఇగ తలుపు. లోపలికి తెరుచుకునేదైతే, పడ్డ మనిషే దానికి అడ్డమైతడు, బయటోళ్లు నూకలేరు. తలుపు కబ్జాలు (బందులు) మార్చి బయటికి తెరుచుకునేటట్టు చేయించుండ్రి. లోపలి గొళ్లెం తీసి, బయట నుంచి గూడ తీయవచ్చే తాళం పెట్టించుండ్రి.