మీరు సేకరించిన సమాచారం ఎక్కడండీ?

మహారాజశ్రీ బ్లూ స్క్రీన్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాల్సింది. కానీ ఈ మధ్యాహ్నం తమరు దయచేశాక ఇక్కడ కుశలంగా మిగిలిందేమీ లేదు. రిపోర్టు చివరి పేరాలో ఉన్నాను, సేవ్ నొక్కబోతున్నాను, విండోస్ కుప్పకూలి, తెరంతా నీలమై తమరు వచ్చేశారు.

రావడం తమరి ఇష్టం, కాదనను. 2012 నుంచి ఆ ఏడుపు మొహంతో వస్తున్నారు. 2016లో పక్కన క్యూఆర్ కోడ్ కూడా తగిలించుకున్నారు. దాన్ని స్కాన్ చేస్తే అప్‌డేట్లు చూసుకో, కొత్తగా పెట్టిన హార్డ్‌వేర్ తీసెయ్ అని ఏ రోగానికైనా అదే మందు. అదీ ఫోన్ బయటికి తీసేదాకా తమరు నిలబడితే! 2025లో మొహమూ కోడూ తీసేసి నల్ల రంగుకు మారారు. నా లాప్‌టాప్‌కి ఆ భాగ్యం ఇంకా పట్టలేదు.

నా గొడవ అది కాదు. 'ఎర్రర్ సమాచారం సేకరిస్తున్నాం' అని రాసి, కింద ఒక శాతం వేస్తారు చూడండి, ఆ మాట గురించి. ఇంతకాలంగా సేకరిస్తున్నారు కదా, ఆ సమాచారం ఎక్కడ?

నేను వెతికాను. కూలినప్పుడు మెమరీలో ఉన్నదాన్ని రాసిపెట్టే ఫైలును డంప్ అంటారు, అది మినీడంప్ ఫోల్డర్‌లో ఉండాలి. తెరిస్తే ఖాళీ. సెట్టింగ్స్‌లో డంప్ రాయమనే ఉంది. ఆ డంప్‌కి ముందుగా చోటిచ్చే పేజ్ ఫైల్ ఉంది, డిస్కులో కావాల్సినంత చోటుంది. సరే అని విండోస్ చిట్టా పుస్తకం, ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 'కెర్నెల్ పవర్ 41'. అంటే ఏమిటట? సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే సిస్టమ్ రీస్టార్ట్ అయిందట. ఎదురుగా కూర్చుని చూసినవాణ్ణి నేనే కదండీ, నాకే చెప్తారా?

పోనీ ఎందుకు కూలిందో చెప్పే స్టాప్ కోడైనా ఒకటే చెప్తారా అంటే అదీ లేదు. ఒకసారి 'క్రిటికల్ ప్రాసెస్ డైడ్', ఇంకోసారి 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్టోర్ ఎక్సెప్షన్', మరోసారి 'కెర్నెల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్'. విండోస్ ఫైళ్లను పరీక్షించే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొడితే అంతా బాగుందంది. మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపితే ర్యామ్‌కి ఏ లోపమూ లేదంది. డ్రైవర్లన్నీ తీసి మళ్లీ వేశాను. కస్టమర్ కేర్ ఆయన చాలా మర్యాదగా, 'ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి సార్' అన్నాడు. ఆ ఒక్కటీ మాత్రం ఎవరూ చెప్పకుండానే జరుగుతోంది బాబూ.

ఇవాళ పంతం పట్టి ఆ శాతాన్నే చూస్తూ కూర్చున్నాను. సున్నా. ఎంతసేపు చూసినా సున్నాయే. విసుగొచ్చి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. వెంటనే ఆన్ చేస్తే విండోస్ మొదలవ్వాల్సిన డిస్కు (బూట్ డివైస్) దొరకలేదంది. పూర్తిగా ఆపేసి, కాసేపాగి ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది!

అప్పుడు వెలిగింది. డంప్ రాయాల్సింది ఎస్‌ఎస్‌డీ మీదే, అంటే ఈ లాప్‌టాప్ డిస్కు మీదే. ఆ ఎస్‌ఎస్‌డీయే పనిచేస్తూ పనిచేస్తూ మాయమైపోతుంటే ఇంకెక్కడ రాస్తారు? ఫోల్డర్ ఖాళీగా ఉండటమే అసలు సాక్ష్యం. కోడ్‌లు మారడమూ అందుకే. డిస్కు నుంచి రావాల్సింది రానప్పుడు ముందు ఎవరు కూలితే వాళ్ల పేరు తెర మీదికెక్కుతోంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చుకునే స్మార్ట్ రిపోర్టు మాత్రం డ్రైవ్ బ్రహ్మాండంగా ఉందంటోంది. అంటుంది మరి, అది కనబడుతున్నప్పుడే కదా మనం అడిగేది.

తమరు రావడమే మేలని కూడా తెలుసు లెండి. విండోస్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో తేడా వచ్చాక ఆపకుండా నడవనిస్తే, పాడైన డేటా డిస్కుకెక్కి ఉన్న ఫైళ్లు కూడా నాశనమయ్యే ప్రమాదముంది. అందుకు దండం పెడతాను.

కానీ ఒక్కటి చెప్పు. డంప్ రాయబోతే డిస్కు పలకలేదన్న సంగతి నీకు ఆ క్షణమే తెలిసింది కదా? మరి చెప్పవేం? అంత పెద్ద తెర, నిండా ఖాళీ నీలం. 'డిస్కు పలకడం లేదు' అని మూడు ముక్కలు రాయడానికి చోటు చాల్లేదా? ఆ మూడు ముక్కలు రాసుంటే ర్యామ్‌ని అనుమానించేవాణ్ణా, డ్రైవర్ల వెంట పడేవాణ్ణా? సున్నా శాతం అట! సేకరిస్తున్నావట! ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావ్?

రేపు ఎస్‌ఎస్‌డీ విప్పి, స్లాట్‌లో మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, దాని లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తాను. దారికి రాకపోతే మార్చేస్తాను. ప్రస్తుతం బ్యాకప్ నడుస్తోంది, సగానికి వచ్చింది. అదయ్యేదాకా ఇటువైపు రాకు.

ఇట్లు,
స్క్రూడ్రైవర్ చేతబట్టినవాడు